కనబడనిది లేనిదగునా?

శ్రీ గురుభ్యో నమః.



కొన్ని సంవత్సరముల క్రిందట మహాలయ పక్షమున, మా నూజివీడు ప్రాంతపు మామిడి తోటల రైతు ఒకాయన ఆలయమునకు వచ్చి నన్నొక ప్రశ్న అడిగెను. “పంతులుగారూ, మా నాయనకు, తాతకు ఏటా నీళ్లు వదులుతున్నాను. చిన్నప్పుడు నన్ను భుజాన మోసి పెంచినవాడు మా తోట పాలేరు. ఆయనకు పిల్లలు లేరు. మా కులం కాదు, గోత్రం తెలియదు. ఆయన పేరు చెప్పి కూడా తిలోదకం వదలవచ్చా?”

ఈ విషయమును గూర్చి మా గురువుగారు ఎప్పుడో ఒక మాట చెప్పినట్లు నాకు లీలగా స్ఫురించినది. కాని ఏమి చెప్పిరో స్పష్టముగా జ్ఞప్తికి రాలేదు. గురువుగారు స్వహస్తముతో వ్రాసి యిచ్చిన పితృకర్మ ప్రయోగ పుస్తకము నాయొద్ద ఉండెడిది. ఒక వర్షాకాలమున దానికి చెద పట్టి పోయినది. దైవకృప వలన అంతకుముందే దానిని టైపు చేయించి యుంచితిని గనుక ఆ ఫైలు మాత్రము మిగిలినది. పాత ఫాంటులో ఉన్న దానిని పిమ్మట యూనికోడులోనికి మార్పించితిని. శిష్యుని పిలిచి, ‘తర్పణ’ అను మాట ఎచ్చటెచ్చట ఉన్నదో కంప్యూటరులో వెదకుమంటిని. అతడు పదునేడు చోట్ల చూపెను. నేను తలచినది వానిలో లేదు. “లేదు గురువుగారూ” అనెను. నేనును ఆ రైతుతో “పుస్తకములో లేదండీ” అంటిని. ఆయన మారుమాటాడక నమస్కరించి వెడలిపోయెను.

ఫాల్గుణ మాసము వచ్చినది. తోటలలో పూత పోయి పిందె దిగుచుండెను. వేరొక అవసరమై ఆ పుస్తకమును అచ్చు తీయించి మొదటి పుట నుండి చదువుచుండగా, చివరి పుటలలో గురువుగారి టిప్పణి ఒకటి కంటబడెను. పుత్రుడు లేక గతించిన పోషకునకు, సేవకునకు, మిత్రునకు మహాలయమున తిలోదకము విడుచుట యుక్తమేయని అందు స్పష్టముగా ఉన్నది. ‘తర్పణ’ అను మాట కూడ అక్కడ ఉన్నది. కాని అది ‘తప౯ణ’ అని ఉన్నది.

విషయమేమనగా, ఆ పుస్తకమును ఇద్దరు టైపు చేసిరి. ఒకరు నేటి పద్ధతిలో ‘ర్ప’ అని కొట్టిరి. రెండవవారు గురువుగారి వ్రాతను చూచినది చూచినట్లు అనుకరించిరి. మా గురువుగారు పూర్వుల వలె రేఫకు వలపలగిలక వాడెడివారు. కీబోర్డు మీద వలపలగిలక దొరకక, దానిని పోలిన తెలుగు తొమ్మిది అంకెను వారు వాడిరి. అందుచేత ఆ పుటలలో ధర్మము ‘ధమ౯ము’ అయినది, కర్మ ‘కమ౯’ అయినది, స్వర్గము ‘స్వగ౯ము’ అయినది. యంత్రము దృష్టిలో ఆ పుటలలో ధర్మమును లేదు, కర్మయు లేదు. కంటితో చదువువానికి రెండును ఉన్నవి.

దోషము యంత్రముది కాదు, టైపు చేసినవారిది అంతకన్న కాదు, నాది. ‘కనబడలేదు’ అనవలసిన చోట ‘లేదు’ అంటిని. ఆ రెండు మాటల నడుమ నున్న అంతరమే ఈ వ్యాసమునకు విషయము.

అనుపలబ్ధికి యోగ్యత కావలెను

నేలమీద కుండ లేదని మనకెట్లు తెలియుచున్నది? కుండ కనబడకపోవుట వలన. ఈ కనబడకపోవుటనే భాట్ట మీమాంసకులును, అద్వైతులును ‘అనుపలబ్ధి’ యని పేర్కొని ఆరవ ప్రమాణముగా అంగీకరించిరి. నైయాయికులు దానిని ప్రత్యేక ప్రమాణముగా ఒప్పుకొనలేదు. ఆ వాదము నటుంచుడు. అంగీకరించినవారు సైతము ఒక నియమమును విధించిరి. ధర్మరాజాధ్వరీంద్రుల వేదాంత పరిభాష చదివినవారికి అది సుపరిచితము. ఊరక కనబడకపోవుట చాలదు, యోగ్యానుపలబ్ధి కావలెను. అనగా, ఆ వస్తువు అక్కడ ఉండియున్నచో తప్పక కనబడి తీరవలసిన పరిస్థితి ఉండవలెను. మంచి వెలుతురులో, దోషములేని కంటికి, ఎదుటి నేలమీద కుండ కనబడలేదన్నచో కుండ లేదు. చీకటి గదిలో కనబడలేదన్నచో, ఆ మాట గదిని గూర్చి చెప్పినది కాదు, చీకటిని గూర్చి చెప్పినది.

కంప్యూటరులో ఒక పదమును వెదకి ‘లేదు’ అను జవాబు పొందినప్పుడు మనము వేసుకొనవలసిన ప్రశ్న ఇదియే. ఆ పదము అక్కడ ఉండియున్నచో ఈ అన్వేషణకు దొరికి తీరునా? తెలుగులో అచ్చువేసిన సంస్కృతమునందును, పాళియందును, పెక్కు సందర్భములలో దొరకదు. కారణములను క్రమముగా చూతము.

యంత్రమునకు అక్షరము సంఖ్య

మనకు అక్షరము ధ్వని. చూచువానికి అది రూపము. యంత్రమునకు రెండును కాదు, కేవలము సంఖ్య. యూనికోడు ప్రమాణములో తెలుగు లిపికి 3072 మొదలు 3199 వరకు 128 స్థానములు కేటాయించిరి. ఒక మాటను వెదకుట యనగా ఒక సంఖ్యల వరుసను వెదకుట. వరుసలో ఒక్క సంఖ్య మారినను యంత్రమునకు అది వేరొక మాట. రూపము ఒకటే యైనను, ధ్వని ఒకటే యైనను దానికి పట్టదు.

మా ఊరి సంతలో బంగినపల్లినే బేనిషాన్ అందురు. తోతాపురినే కలెక్టరు కాయ అందురు. రెండు పేర్లును తెలిసినవాడు బుట్ట చూచి పండును గుర్తించును. ఒక్క పేరే తెలిసినవాడు ఎదురుగా రాశి పోసియున్నను “లేదట” అని వట్టి చేతులతో తిరిగి వచ్చును. యంత్రము ఈ రెండవవాని వంటిది.

మొదట అవగ్రహమును చూడుడు. తెలుగు అవగ్రహ చిహ్నము ‘ఽ’ యూనికోడులో చేరినది 2008లో. దాని సంఖ్య 3133. అంతకు పూర్వము తెలుగు వరుసలో దానికి స్థానమే లేదు. అందుచేత స్తోత్రములను టైపు చేసినవారు దానిని పోలిన ఆంగ్లపు ‘ఎస్’ అక్షరమును వాడిరి. ఆ అలవాటు నేటికిని పోలేదు. ‘నమోఽస్తు’ అని సరిగా వెదకినవానికి ‘ఎస్’ పెట్టిన పుటలు దొరకవు. అట్లే విసర్గ. ‘ః’ అను చిహ్నము సంఖ్య 3075. తొందరలో చాలమంది దానికి బదులు కీబోర్డు మీది రెండు చుక్కల విరామ చిహ్నమును కొట్టుదురు. చూచుటకు ‘రామః’ వలెనే ఉండును. కాని యంత్రమునకు అది విసర్గ లేని ‘రామ’, పక్కన ఒక విరామ చిహ్నము. శ్లోకాంతమున పెట్టు దండమునకు యూనికోడులో దేవనాగరి వరుసలోని 2404వ స్థానమే తెలుగుతో సహా పెక్కు భారతీయ లిపులకు ఉమ్మడి. దానికి బదులు నిలువు గీతను కొట్టువారే అధికము.

కంటికి బొత్తిగా కనబడని భేదములును ఉన్నవి. ‘హృత్‌కమలము’ అని పొల్లును విడిగా చూపుటకు నడుమ వెడల్పులేని అదృశ్యాక్షరమొకటి చేర్తురు. ‘హృత్కమలము’ అని వెదకినచో అది అడ్డుపడవచ్చును. ‘దైవము’ లోని ఐత్వము ఒకే సంఖ్యగా నుండవచ్చును. ఎత్వమును, దాని క్రింది గుర్తును విడివిడిగా కలిపిన రెండు సంఖ్యలుగానైనను ఉండవచ్చును. రెండును సమానములని ప్రమాణమే చెప్పినను, ఆ సమానత్వమును గుర్తింపని సాధనములు గలవు. దైవము ఎదుట నుండియు కనబడకపోవుట కంప్యూటరులో కూడ సంభవమే!

ఇవి టైపు అలవాట్లు. ఇక లిపి సంప్రదాయమునకు చెందినవి వేరు. తెలుగువారు వర్గానునాసికములకు బదులు సున్న వాడుదుము. దేవనాగరి గ్రంథములను యంత్రము ద్వారా తెలుగులోనికి మార్చినచో శఙ్కర, పఞ్చ, సన్ధ్యా, అమ్బా అని వచ్చును. మన అచ్చులో శంకర, పంచ, సంధ్యా, అంబా అని ఉండును. భగవత్పాదుల నామమునే ఒక రూపమున వెదకినవానికి రెండవ రూపము దొరకదు. ‘కౢప్త’ శబ్దమును కొందరు ‘క్లృప్త’ యనియు, కొందరు ‘క్లుప్త’ యనియు వ్రాయుదురు. దానికి తగిన గుణింతపు గుర్తు యూనికోడులో చేరినది కూడ 2008లోనే. పాత ముద్రణలలోని నకారపొల్లుకు ప్రత్యేక స్థానము లభించినది 2021లో. వలపలగిలక సంగతి పైన చెప్పితిని. దానిని సరిదిద్దుట ఒక్క ఆజ్ఞతో అగు పని కాదు. ఏలయన గిలక వ్రాతలో హల్లుకు వెనుక ఉండును, ఉచ్చారణలో ముందు పలుకును. తొమ్మిది అంకెను తీసి ఆ చోట ‘ర్’ పెట్టినచో ‘ధర్మ’ కాదు, ‘ధమర్’ అగును.

స్వరము, పాళి, రోమను లిపి

వేదభాగములకు వచ్చినచో చిక్కు ఇంకను పెరుగును. స్వరిత, అనుదాత్తముల గుర్తులు 2385, 2386 సంఖ్యలుగా దేవనాగరి వరుసలో ఉన్నవి. దీర్ఘస్వరితము మొదలగు విశేష చిహ్నములకు 2009లో ప్రత్యేక వైదిక విభాగము ఏర్పడినది. స్వరములతో టైపు చేసిన మంత్రములో ప్రతి గుర్తును అక్షరముల నడుమ ఒక సంఖ్యగా కూర్చుండును. స్వరము లేక వెదకినచో మంత్రము దొరకదు. స్వరములను ఉపేక్షించు సాధనముతో వెదకినచో దొరకును గాని, అప్పుడు స్వరభేదము చేత మాత్రమే వేరైన రెండు పదములు ఒకటిగా కనబడును. ‘ఇంద్రశత్రు’ శబ్దమున స్వరము మారుటచే త్వష్టకు కలిగిన అనర్థము వేదాధ్యాయులందరును ఎరిగినదే. తత్పురుషమో, బహువ్రీహియో స్వరము చెప్పవలెను. స్వరమును తుడిచివేసిన అన్వేషణ చెప్పలేదు. తైత్తిరీయుల అనుస్వార విశేషమును ఒక పుస్తకములో ‘గ్ం’ అనియు, మరియొక దానిలో ‘గుం’ అనియు వ్రాయుట మీరు చూచియే యుందురు.

పాళి మనకేల యని కొందరడుగవచ్చును. కామవరపుకోట చెంతనున్న గుంటుపల్లి బౌద్ధ గుహలు మాకు దూరమైనవి కావు. ఆ కొండ చూచివచ్చినవారు, గౌడపాద కారికలు చదువువారు, పూర్వపక్షమును మూలములోనే చూడవలెనని కోరుదురు. అది ధర్మమైన కోరిక. ప్రతిపక్షము మాటను దాని నోటనే వినవలెను. పాళికి స్వంత లిపి లేదు. సింహళ, బర్మీ, థాయ్, ఖ్మేర్, నాగరి, రోమను లిపులలో అది ప్రవహించినది. రంగూనులో 1954 మొదలు 1956 వరకు జరిగిన ఛట్ఠ సంగాయనమున పరిష్కరింపబడిన త్రిపిటకమును, ఇగత్పురిలోని విపశ్యనా పరిశోధన సంస్థ తెలుగుతో సహా అనేక లిపులలో కంప్యూటరునకు ఎక్కించినది. కాని మన వెదకుడు అక్కడ తడబడును. తెలుగువాడు సహజముగా ‘మెత్తా’ యని హ్రస్వముతో వెదకును. హ్రస్వ ఎకారము లేని నాగరి నుండి యథాతథముగా మార్చిన పాఠములో అది ‘మేత్తా’ యగును. ‘సంఘ’ అని వెదకువానికి ‘సఙ్ఘ’ దొరకదు. రేఫను కోల్పోయిన ‘ధమ్మ’ను ‘ధర్మ’ పేరుతో వెదకిన ఫలితము చెప్పనక్కరలేదు.

విదేశములలోని మన పిల్లలు రోమను లిపిలో స్తోత్రములు నేర్చుకొనుచున్నారు. అక్కడ అనుస్వారమునకు కొందరు ‘ఎమ్’ క్రింద చుక్క పెట్టుదురు, కొందరు పైన పెట్టుదురు. ‘ఎల్’ క్రింద చుక్క పెట్టినచో పాళి గ్రంథములలో అది ‘ళ’. సంస్కృతమునకు పండితులు విరివిగా వాడు పద్ధతిలో అదే గుర్తు ‘ఌ’. 2001 నాటి అంతర్జాతీయ ప్రమాణము ‘ఌ’కు క్రింద చిన్న వలయమును విధించి ఈ సంకరమును తప్పించినది, కాని పాత పద్ధతియు నడచుచునే ఉన్నది. చుక్కలు, గీతలు ఏవియు లేక వెదకినచో సమ, శమ, సామ అన్నియు ఒకే కుప్ప. కుమారుడా, వ్యాకరణము నేర్వుము అని ఒక తండ్రి హెచ్చరించిన చాటువు మనలో ప్రసిద్ధము. స్వజనుడు శ్వజనుడు కాకుండుటకు, సకలము శకలము కాకుండుటకు, సకృత్తు శకృత్తు కాకుండుటకు అని ఆయన భావము. ఆ తండ్రి నేడున్నచో చుక్కలు కూడ నేర్వుమనియుండును.

అట్లని యంత్రమును వదలుదమా?

ఇదంతయు విని, “మాకు కంఠస్థమే చాలును, కంప్యూటరు వద్దు” అను పెద్దలున్నారు. వారియందు నాకు గౌరవము కలదు. వారి మాట నాకు సమ్మతము కాదు. గురువుగారి పుస్తకమును చెద తినెను, యంత్రము కాపాడెను. నా కంఠమున మిగిలినదో, లీలామాత్రమైన స్ఫురణ. టిప్పణులు ఎవరికిని కంఠస్థము కావు. సంహిత, పదము, క్రమము, జట, ఘనము అని ఒకే పాఠమును పలు రీతుల తిప్పి ఒక్క అక్షరము జారకుండ కాపాడిన పూర్వులు వేదమునకు చేసిన ఏర్పాటు అది. ప్రయోగ గ్రంథములకు, వ్యాఖ్యలకు అట్టి కవచము లేదు. వానికి వ్రాతయే శరణ్యము.

మరియొక పక్షమువారు నవయువకులు. “నేను వెదకితిని, ఈ శబ్దము ఆ భాష్యములో లేదు, కావున ఈ ఆచారము కల్పితము” అని నిమిషములో తీర్పు చెప్పుదురు. వారి ఉత్సాహము మెచ్చదగినది. మూలమును చూడవలెనను బుద్ధి మంచిది. కాని వారు చూచినది మూలమును కాదు, ఒకానొక సంఖ్యల వరుస ఆ ఫైలులో ఉన్నదా లేదా యనుటను మాత్రమే. ఉన్నదని యంత్రము చెప్పినచో పుట తెరచి చూచుకొనవచ్చును గనుక ఆ మాట ఎక్కువగా నమ్మదగినది. లేదన్నచో అది విచారణకు ఆరంభము, అంతము కాదు.

కావున నా మనవి రెండు విధములు. టైపు చేయువారు విసర్గకు విసర్గనే, అవగ్రహమునకు అవగ్రహమునే, రేఫకు రేఫనే వాడవలెను. అది అందము కొరకు కాదు. రేపు ఎవడో ఒక శిష్యుడు దానిని వెదకును, వానికి దొరకవలెను. మంత్రమును తప్పు లేక ఉచ్చరించుట ఎంత ధర్మమో, దానిని తప్పు లేక నిక్షేపించుటయు అంత ధర్మము. శీక్షావల్లి వర్ణమును, స్వరమును, మాత్రను ప్రత్యేకించి చెప్పినది మన అశ్రద్ధకు చోటీయకుండుటకే కదా.

వెదకువారు ‘లేదు’ అనుటకు ముందు రూపభేదములన్నిటిని పరీక్షింపవలెను. సున్నతో ఒకమారు, అనునాసికముతో ఒకమారు, స్వరములు లేక ఒకమారు, పదములోని నిశ్చయమైన చిన్న ముక్కతో ఒకమారు వెదకుడు. నేను ‘తర్పణ’కు బదులు ‘పోషక’ యని వెదకియున్నచో ఆనాడే దొరకియుండెడిది. మైక్రోసాఫ్టు వర్డులో అనుమానపు అక్షరము ప్రక్కన కర్సరు నుంచి ఆల్ట్, ఎక్స్ మీటలు కలిపి నొక్కినచో దాని సంకేత సంఖ్య, పదునారు ఆధారముగా గల లెక్కలో, బయటపడును. మరల నొక్కినచో అక్షరమగును. విసర్గయో, రెండు చుక్కలో అప్పుడు తేలును. లిబ్రే ఆఫీసు అన్వేషణలో గుర్తుల భేదమును పాటించుటకో, విడుచుటకో వీలు కలదు. తప్పు గుర్తులను ఒక్క దెబ్బతో అన్నిటిని మార్చకుడు. నిజమైన తొమ్మిది అంకెలును, నిజమైన విరామ చిహ్నములును గ్రంథములో ఉండును. ఒక్కొక్క చోట చూచి మార్చుడు. అన్నిటికిని మించి, ముఖ్య విషయమున నిర్ణయము చేయుటకు ముందు పుటలు త్రిప్పి కంటితో చదువుడు, తెలిసిన పెద్దలను అడుగుడు. వెలుతురు తెచ్చిన పిమ్మటనే గదిలో కుండ లేదనుడు.

టిప్పణి దొరకిన మరునాడే నేను ఆ రైతు తోటకు వెళ్లి జరిగినది చెప్పితిని, క్షమింపుమని కోరితిని. ఆయన కొంతసేపు పిందెల వైపు చూచి, “ఒక ఏడు ఆలస్యమైంది, అంతే కదండీ” అనెను. అంతే యని నేననుకొనలేదు. ఆ మాటను చేతనైనంత తేలిక చేసినది ఆయన ఔదార్యము.

తరువాతి మహాలయమున ఆయన దర్భలు ధరించి కూర్చుండెను. గోత్రము తెలియని వారికి కాశ్యప గోత్రము చెప్పుట సంప్రదాయము. ఆ గోత్రముతో, పాలేరు పేరు చెప్పి, తిలోదకము విడిపించితిని. గురువుగారి టిప్పణిని ఆ పుట ఎదుట పెట్టుకొని చదివితిని. ఇప్పుడు అందులో తొమ్మిది అంకె లేదు.

సర్వం శ్రీ పరమేశ్వరార్పణమస్తు.